కోత పడిన ఆరు ఒకట్లు

కర్నూలు ఎడిషన్‌లో జిల్లా పేజీలకు చీఫ్ సబ్ ఎడిటర్‌గా పనిచేస్తున్న రోజులవి. కరోనా రెండో విడత గడిచిన మరుసటి ఏడాది, జూలైలో ఒక మంగళవారం సాయంత్రం ఆరూ నలభైకి, ఎడిషన్ ఇన్‌చార్జి వద్దని చెప్పిన సవరణ ఒకటి మూడో పేజీలో పెట్టి, ఆ పేజీని ప్రెస్సుకు వదిలేశాను. సవరణ ఇదీ:

'మార్చి నెలలో విద్యా పేజీలో వచ్చిన "అరుదైన సంఖ్య" అనే పెట్టెలో పంతొమ్మిది ఒకట్లు ఉండవలసిన సంఖ్య పదమూడు ఒకట్లతో అచ్చయింది. డెస్క్‌లో చివరి వరుస కత్తిరించడమే ఇందుకు కారణం. రచయిత తప్పు లేదు. అచ్చయిన పదమూడు ఒకట్ల సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. దాన్ని 53తో భాగిస్తే శేషం లేకుండా 20964360587 వస్తుంది.'

పేజీ వదలడమంటే మా వాడుకలో ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరని అర్థం. జిల్లా పేజీలు ముందుగా అచ్చవుతాయి కాబట్టి అవి సాయంత్రం ఏడు లోపే కదలాలి. వదిలే బాధ్యత చీఫ్ సబ్‌ది. ఏది వెళ్లాలో ఏది వెళ్లకూడదో చెప్పే అధికారం ఇన్‌చార్జిది. మామూలు రోజుల్లో ఈ రెండింటి మధ్య గీత ఎవరికీ కనబడదు. ఆ రోజు నాకు కనబడింది. చూసే దాటాను. ఆ సంగతి మొదటినుంచీ చెప్పాలి.

విద్యా పేజీకి కడప నుంచి ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్ వారం వారం చిన్న పెట్టె రాసి పంపేవారు. పెట్టె అంటే చుట్టూ గీత గీసి వేసే పది పన్నెండు వరుసల ముక్క. పేజీలో ఖాళీ మిగిలితే నింపుతుంది, చోటు చాలకపోతే ముందుగా కోత పడేదీ దానికే. ఆయన చేతిరాత గుండ్రంగా, తప్పు వెతకడానికి వీల్లేకుండా ఉండేది. ఆ రాత కాగితాన్ని ఫొటో తీసి పంపేవారు. మా పేజీలు పెట్టే ఆపరేటర్ ఖాజా దాన్ని టైపు చేసేవాడు.

మార్చిలో ఆయన రాసింది ఒకట్ల సంఖ్యల గురించి. ఒకటి అనే అంకెనే వరుసగా రాసుకుంటూ పోతే వచ్చే సంఖ్యలు: 1, 11, 111, 1111, ఇలా. వీటిలో ప్రధాన సంఖ్యలు చాలా తక్కువ. ప్రధాన సంఖ్య అంటే ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించడానికి కుదరనిది. అలా కుదిరేది సంయుక్త సంఖ్య. పదకొండు ప్రధాన సంఖ్య. నూటపదకొండు కాదు, మూడు ముప్పై ఏడులు నూటపదకొండు. ఒకట్ల లెక్క సరిసంఖ్య అయితే ఆ సంఖ్యను పదకొండు భాగిస్తుంది. ఒకట్లు తొమ్మిదో పదిహేనో ఉంటే నూటపదకొండు భాగిస్తుంది. అంటే ఒకట్ల లెక్క ప్రధాన సంఖ్య అయితేనే ఆశ ఉంటుంది. ఆ ఆశ కూడా చాలాసార్లు వమ్మవుతుంది. ఐదు ఒకట్లకు నలభై ఒకటి, ఏడు ఒకట్లకు రెండువందల ముప్పై తొమ్మిది అడ్డం పడతాయి. పదకొండు తర్వాత మళ్లీ ప్రధాన సంఖ్య కావాలంటే పంతొమ్మిది ఒకట్ల దాకా నడవాలి. ఆయన పెట్టె సారాంశం ఇదే. చివరి వాక్యం ఇలా ఉంది: '11 తర్వాత వచ్చే అలాంటి ప్రధాన సంఖ్య ఇదే: 1111111111111111111.'

పెట్టె ఒక కాలమ్ వెడల్పుది. సంఖ్యను లావు అక్షరాల్లో పెట్టాం కాబట్టి వరుసకు పదమూడు అంకెలే పట్టాయి. మిగిలిన ఆరు కింది వరుసకు జారాయి. పేజీ సర్దుతుంటే పెట్టె ఒక్క వరుస ఎక్కువైంది.

వార్త ఎక్కువైతే కింది నుంచి కోయడం మాకు మొదటి రోజు నేర్పే పని. ముఖ్యమైనది పైన, అంతకంటే తక్కువది దాని కింద, అసలు లేకపోయినా ఫర్వాలేనిది అట్టడుగున ఉండేట్టు వార్త రాయిస్తాం. కడపలో పనిచేసినప్పుడు మంగంపేట ముగ్గురాయి లారీలు బోల్తా పడిన వార్తలు ఎన్నో చూశాను. చివర్లో సంఘటన స్థలాన్ని పరిశీలించిన వారి పేర్ల వరుస ఉంటుంది. అది కోస్తే వార్తకు ఏమీ కాదు. ముప్పై ఏళ్లు అదే చేశాను. ఆ సాయంత్రం కూడా వేలు చూపించి, కింది లైను తీసెయ్యమన్నాను. ఖాజా తీసేశాడు. వాక్యం చివర చుక్క పెట్టుకుని, పెట్టె చక్కగా అమరింది.

నాలుగు నెలలు నాదాకా ఏ ఫిర్యాదూ రాలేదు.

జూలైలో ఆ మంగళవారానికి ముందురోజు ఉదయం పదకొండుకు కోడుమూరు నుంచి ఒక మనిషి నన్ను చూడాలని వచ్చింది. పేరు ఎస్తేరు రాణి. ముప్పై నాలుగేళ్లుంటాయి. బీఎస్సీ, బీఈడీ చదివి, ఊళ్లో చర్చి వరండాలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. అమ్మానాన్నలు మెట్ట చేను చేసుకునేవారు. కూర్చోమంటే కూర్చోలేదు. మార్చి నాటి మా పేజీని ప్లాస్టిక్ సంచిలోంచి తీసి బల్ల మీద పరిచింది.

"సార్, ఈ పెట్టె మీరేసిందేనా?"

మేము వేసిందే అన్నాను.

"తప్పు ఏసినారు సార్. మీ తప్పుకు నా ఉద్యోగం పోతాండాది."

వివరాలు అడిగాను. కర్నూలు దగ్గర ఒక ఎయిడెడ్ హైస్కూలులో లెక్కల టీచరు పోస్టుకు రాతపరీక్ష జరిగింది. స్కూలు పేరు ఇక్కడ అనవసరం. యాభై ప్రశ్నలు, యాభై మార్కులు. ముప్పై ఏడో ప్రశ్న: పదమూడు ఒకట్ల సంఖ్య ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా? ఆమె సంయుక్త సంఖ్య అని గుర్తు పెట్టింది. జవాబుల కీలో ప్రధాన సంఖ్య అని ఇచ్చారు. ఆధారం అనే గడిలో మా పెట్టెను కత్తిరించి అంటించారు. ఎంపిక జాబితాలో మొదటి పేరుకు నలభై నాలుగు, ఆమెకు నలభై మూడు. మొదటి పేరున్న ఆమె ఆ ప్రశ్నకు ప్రధాన సంఖ్య అని రాసింది. కీ సరిచేస్తే అంకెలు తారుమారవుతాయి. పోస్టు ఒక్కటే.

అభ్యంతరం రాసి ఇవ్వలేదా అని అడిగాను.

"ఇచ్చినా సార్. ఐదు నిమిషాల్లో భాగారం చేసి, కాగితం మీద పెట్టి ఇచ్చినా. కమిటీలో స్కూలు నడిపే కరస్పాండెంట్ సారు ఏమన్నాడో తెలుసునా? అచ్చయిన ఆధారం జత చెయ్యాలంట. చేత్తో రాసింది చెల్లదంట." ఆమె అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. "భాగారానికి ఆధారం యాడ నుంచి తెచ్చేది సార్ నేను? పదమూడు ప్రధాన సంఖ్యే కదమ్మా, అట్లయితే పదమూడు ఒకట్లు గూడా ప్రధాన సంఖ్యే అయితాది అంటాడు. అట్లయితే మూడు ఒకట్లు ఏమైతాయి సార్ అని అడిగినా. పేపర్లో ఉండేదానికి ఎదురు మాట్లాడతావా అన్నాడు."

అభ్యంతరాలకు గడువు బుధవారం సాయంత్రం ఐదు వరకు.

పరీక్ష హాల్లో పదమూడు అంకెల సంఖ్యను అంత తొందరగా ఎలా తేల్చిందన్నది నాకు అర్థం కాలేదు. యాభై మూడు ఎలా తట్టిందని అడిగాను. పిల్లలకు దశాంశాలు చెప్పేటప్పుడు ఒకటిని రెండుతో, మూడుతో, ఏడుతో, ఇలా వరుసగా భాగించమని తాను ఇంటిపని ఇస్తానని చెప్పింది. కొన్ని ఆగిపోతాయి, కొన్ని తిరిగి మొదటికి వస్తాయి. ఏడుతో భాగిస్తే ఆరు అంకెల తర్వాత మళ్లీ అవే అంకెలు వస్తాయి. యాభై మూడుతో భాగిస్తే పదమూడు అంకెలకు వస్తాయి.

"మా పిల్లోల్లు దానికి పదమూడో నంబరు బస్సని పేరు పెట్టిండారు సార్. పదమూడు స్టాపులు పోయి మల్లా మన కోడుమూరికే వస్తాదంట."

దాని అర్థం ఆమె చెబితే తెలిసింది. ఒకటిని ఒక సంఖ్యతో భాగించినప్పుడు పదమూడు అంకెలకు ఒకసారి తిరిగి వస్తుంటే, పదమూడు తొమ్మిదులు రాసిన సంఖ్యను అది శేషం లేకుండా భాగిస్తుంది. పదమూడు తొమ్మిదులంటే పదమూడు ఒకట్లకు తొమ్మిది రెట్లు. తొమ్మిదికీ యాభై మూడుకీ సంబంధం లేదు కనుక ఒకట్లను భాగించక తప్పదు. హాల్లో పదమూడు అన్న మాట చూడగానే ఆమెకు ఆ బస్సు గుర్తొచ్చింది.

న్యూస్‌ప్రింట్ కాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాను. నమ్మక కాదు, చూడాలని. నూటపదకొండులో యాభై మూడు రెండుసార్లు, శేషం ఐదు. ఒకటి దించితే యాభై ఒకటి, పోదు, సున్నా. ఇంకో ఒకటి దించితే ఐదువందల పదకొండు, తొమ్మిదిసార్లు, శేషం ముప్పై నాలుగు. ప్రతిసారీ దిగేది ఒకటే కనుక తడబడడానికి ఏమీ లేదు. కాగితం మీద లెక్క మెట్లు మెట్లుగా కిందికి పోతుంటే ఖాజా తన కంప్యూటర్ వదిలి వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏందక్కా, బాయిలోకి బిందె దించినట్ల దించుతానే ఉండావు?"

"నీళ్లు తగిలేదాకా దించాల కదన్నా."

చివరి ఒకటి దించేసరికి మూడువందల డెబ్బై ఒకటి నిలిచింది. ఏడు యాభై మూళ్లు మూడువందల డెబ్బై ఒకటి. శేషం లేదు. ఆమె పెన్ను కింద పెట్టింది. నేను వేరే కాగితం తీసుకుని మొదటినుంచి మళ్లీ చేశాను. తర్వాత భాగఫలాన్ని యాభై మూడుతో హెచ్చవేశాను. పదమూడు ఒకట్లు వచ్చాయి. వాటిని పెన్ను మొనతో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాను.

అప్పటికి నా అనుమానం లెక్చరర్ మీద. ఆమె ఎదుటే కడపకు ఫోన్ చేశాను. ఆయన వినీ వినకముందే కసిరారు.

"పదమూడా? నేను పంతొమ్మిది రాసి పంపించినానప్పా! మార్చిలో పేపర్ చూసిన రోజే మీ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పినా. ఎవరో అమ్మాయి రాసుకుంటాండాను సార్ అనింది. రాసుకుని ఏం చేసినారు? నా ఆరు ఒకట్లు మీ ఇంట్లో పెట్టుకున్నారా?"

ఆ ఫోను సంగతి నాదాకా రాలేదు. కోపం చల్లారాక ఆయన ఇంకో మాట చెప్పారు. పదమూడు ఒకట్ల సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఇరవై ఆరు గుణిజం కంటే ఒకటి ఎక్కువగానే ఉంటుందట. అలాంటివి ఆ సంఖ్యకు మూడే ఉన్నాయి: యాభై మూడు, డెబ్బై తొమ్మిది, ఇంకొకటి ఇరవై ఆరు కోట్లు దాటినది. వెతకడం మొదలుపెట్టినవాడికి మొదటి అడుగులోనే యాభై మూడు తగులుతుందని, ప్రశ్నపత్రం రాసినవారు ఆ ఒక్క అడుగు కూడా వేయలేదని అన్నారు.

ఆయన పంపిన ఫొటోను పాత మెయిళ్లలో వెతికి తీశాను. పంతొమ్మిది ఒకట్లు స్పష్టంగా ఉన్నాయి. ఖాజా మొహం చూశాను. అతను నెమ్మదిగా చెప్పాడు.

"సుబ్బన్నా, నేను పంతొమ్మిదీ కొట్టినా. ఒక లైను ఎచ్చయితే నువ్వే కొయ్యమన్నావు. నేను కోసినా. ఎందుకు కొయ్యమంటాండావు అని అడగలేదు, అది నా తప్పే."

అతని తప్పేమీ లేదు. తీసెయ్యమని వేలు చూపించింది నేను. ఆ మాట ఎస్తేరు రాణికి అప్పుడే చెప్పాను. ఆమె క్షమించానని గాని ఫర్వాలేదని గాని అనలేదు.

"చెప్పినారు, శానా సంతోషం. ఇంగ అచ్చేసి చెప్పండి," అంది.

పంతొమ్మిది ఒకట్లు నిజంగా ప్రధాన సంఖ్యేనా అని ఆమెను అడిగాను. "అది నేను చేసి చూడలేదు సార్. చెయ్యందాన్ని చెయ్యను," అంది. తర్వాత లెక్చరర్ చెబితే తెలిసింది, దాన్ని భాగహారాలతో తేల్చాలంటే నూటఐదు కోట్ల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో ప్రయత్నించాలట. మనిషి చేతికి అది కాని పని. యంత్రాలు ఎప్పుడో తేల్చాయి. ఒక పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య కాదని చూపడానికి ఒక్క భాగహారం చాలు. అవునని చూపడానికి అంత కష్టం ఉంది. మేము కష్టమైన మాటను అచ్చేసి, సులువైన పరీక్షను వదిలేశాం.

మంగళవారం మధ్యాహ్నం సవరణ రాసి ఎడిషన్ ఇన్‌చార్జి మాధవరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కోస్తా మనిషి, నెమ్మదస్థుడు, పేజీల విషయంలో దిట్ట. చదివి కళ్లజోడు తీశారు.

"నాలుగు నెలల నాటి బాక్స్ ఐటమ్‌కి సవరణేమిటండీ సుబ్బరాయుడు గారూ? ఒకట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే పాఠకుడెవరు?"

"ఒకరున్నారు. నిన్న వచ్చి నా ముందే లెక్కపెట్టి పోయారు," అన్నాను.

ఆయన అభ్యంతరాలు మూడు. సవరణ వారం లోపే వేయాలన్నది మా రివాజు. రెండోది, వివాదంలో ఉన్న నియామకంలో పత్రిక ఒకరి పక్షం వహించినట్టవుతుంది. మొదటి రెండింటికీ నా దగ్గర జవాబు ఉంది. వారం లోపు వేయాలన్న మాట తొందరపెట్టడానికే గాని దాచిపెట్టడానికి కాదు. పక్షం సంగతికి వస్తే, మేము మార్చిలోనే తెలియకుండా ఒక పక్షం వహించాం. మూడో మాట ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి చెప్పారు. అంతగా వేయాలంటే 'రచయిత పంపిన సమాచారంలో పొరపాటు దొర్లింది' అని రాయమన్నారు. అలా అయితే పైవాళ్లకు చెప్పుకోవడం సులువని, డెస్క్ కత్తిరించిందని రాస్తే డెస్క్‌కు మెమో వస్తుందని, నా మేలు కోరే అంటున్నానని అన్నారు.

నా మేలు కోరే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ గుండ్రని చేతిరాతతో పంతొమ్మిది ఒకట్లు లెక్కపెట్టి రాసిన మనిషి మీదికి నా కోతను తోయలేను. తోస్తే స్కూలు కమిటీ రేపు, 'ఆ లెక్చరర్ మాటే నమ్మదగింది కాదు, ఈ సవరణ మాత్రం ఎలా నమ్మాలి' అంటుంది. ఆమె చేతికి మళ్లీ చెల్లని కాగితమే పోతుంది. ఇవన్నీ చెప్పాను. ఆయన సవరణ కాగితాన్ని నాకు తిరిగి ఇచ్చి, ఈరోజుకు వద్దు, హైదరాబాద్‌తో మాట్లాడి వారంలో చూద్దాం అన్నారు. గడువు రేపటికే అన్నాను. అది మన గడువు కాదన్నారు.

ఆరున్నరకు మూడో పేజీ తెర మీద ఉంది. నీటి సరఫరా వార్త ఒకదాని చివర, లేకపోయినా ఫర్వాలేని వరుసలు పది ఉన్నాయి. వాటిని కోసి, ఆ చోట సవరణ పెట్టమని ఖాజాకు చెప్పాను. అతను నా వైపు చూశాడు.

"ఇన్‌చార్జి సారు సరే అన్యాడా అన్నా?"

"లేదు. నేను పెడుతున్నాను. నీ పేరు ఎక్కడా రాదు."

"నా పేరు రాకపోతే ఏం, వస్తే ఏం! ఈసారి లైన్లు నేను లెక్కపెడతా," అని, భాగఫలంలోని పదకొండు అంకెలనూ పైకి చదివాడు. నేను కాగితం మీద చూస్తూ ఒక్కొక్కదానికీ ఊ కొట్టాను. ఆరూ నలభైకి వదిలాను.

వదిలాక నేనే వెళ్లి మాధవరావు గారికి చెప్పాను. ఆయన అరవలేదు. పేజీ ప్రింటవుటు చూసి, "ముప్పై ఏళ్ల సర్వీసులో ఇప్పుడు మొదలుపెట్టారా?" అన్నారు. మొదలుపెట్టాల్సింది ఇంకా ముందే అన్నాను. ఆ మాట దురుసే. వెనక్కి తీసుకోలేదు.

బుధవారం ఉదయం ఎనిమిదికే ఎస్తేరు రాణి కోడుమూరులో మూడు పేపర్లు కొని, బస్సెక్కి, పదింటికి స్కూలు గేటు దగ్గర నిలబడింది. అచ్చయిన ఆధారం జత చేసిన అభ్యంతరాన్ని ఇచ్చి, నకలు మీద తేదీ, సంతకం వేయించుకుంది. గుమస్తా, "నిన్న పేపర్ ఒకటి చెప్పె, ఈరోజు అదే పేపర్ ఇంగోటి చెప్పె, మేము దేన్ని నమ్మేది తల్లీ?" అన్నాడట. "పేపర్ను యెందుకప్పా నమ్మేది? పెన్ను ఉండాది కదా, భాగించి చూడు," అన్నానని ఫోనులో నాకు చెప్పింది.

నాకు మెమో శుక్రవారం వచ్చింది. ఇన్‌చార్జి ఆమోదం లేకుండా సవరణ ప్రచురించినందుకు క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలపాలన్నారు. జవాబు రెండు వాక్యాలు రాశాను. ఆమోదం లేకుండా ప్రచురించిన మాట నిజం. పదమూడు ఒకట్లను యాభై మూడుతో భాగిస్తే శేషం సున్నా కనుక, సవరణలో వెనక్కి తీసుకోవలసింది ఏమీ లేదు. జవాబుతోపాటు భాగహారం కూడా జత చేశాను. దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు. పదిహేను రోజుల తర్వాత నన్ను జిల్లా పేజీల నుంచి తప్పించి వర్గీకృత ప్రకటనల పేజీ చూసుకోమన్నారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. పేర్లు మార్చుకున్నవారి ప్రకటనలు, పోయిన సర్టిఫికెట్ల నంబర్లు. ఒక్క అంకె కూడా కోయకుండా వేశాను.

స్కూలు కమిటీ ఆగస్టులో కూర్చుంది. తప్పును ఒప్పుకోకుండా బయటపడే దారి పరీక్షలు పెట్టేవారికి ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ప్రశ్నను రద్దు చేసి, రాసినవారందరికీ ఒక మార్కు కలుపుతారు. వాళ్లూ అదే చేశారు. మొదటి పేరుకు ఆ మార్కు ముందే ఉంది కనుక నలభై నాలుగే, ఎస్తేరు రాణికి కూడా నలభై నాలుగు. సమానమైతే వయసులో పెద్దవారికి పోస్టు ఇవ్వాలన్నది నిబంధన. మొదటి పేరున్న ఆమె వయసులో ఐదు నెలలు పెద్ద.

సమ్మతి తెలుపుతూ ఇద్దరూ సంతకం చేయాలని పిలిచారు. అక్కడ జరిగింది ఎస్తేరు రాణి ఆఫీసుకు వచ్చి చెప్పింది. కరస్పాండెంట్, "నీగ్గూడా మార్కు కలిపినాము కదమ్మా, ఇంగేం కావాల?" అన్నాడట.

"కలిపిన మార్కు నాకొద్దు సార్. నేను తెచ్చుకున్న మార్కు ఇయ్యండి. రెండూ ఒకటి కాదు," అన్నానని చెప్పింది. మొదటి పేరున్న ఆమె తల వంచుకుని కూర్చుందట. ఆమెను ఏమీ అనలేదని, ఆమె కూడా మా పేపర్ చదివే రాసి ఉంటుందని అంది. తన కాగితం మీద సంతకానికి ఉంచిన గీత పైన, '1111111111111 ÷ 53, శేషం 0. ఇది తప్పని చూపిస్తే సంతకం పెడతాను' అని రాసి ఇచ్చి వచ్చేసింది.

సమ్మతి లేకపోవడంతో నియామకం ఫైలు విద్యాశాఖ పై కార్యాలయానికి వెళ్లింది. అక్కడ ఆగింది. పోస్టు ఎవరికీ ఇవ్వలేదు. ఆ స్కూల్లో లెక్కలు ఇప్పుడు సైన్సు టీచరే చెబుతున్నారు. ఎస్తేరు రాణి చర్చి వరండాలోనే ఉంది. పిల్లలు పెరిగారు, వరండా చాలడం లేదట. వేరే పోస్టులకు రాయమని నేనొకసారి అన్నాను. "రాస్తాండా సార్. అయినా ఇది మాత్రం ఇడ్సను," అంది.

ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నది పని సంగతే. వార్తలో కింది వరుసకు విలువ తక్కువని మేమే నిర్ణయించుకుని దాన్ని కింద పెడతాం. సంఖ్యలో ఆ ఏర్పాటు లేదు. పదమూడు ఒకట్ల తర్వాత ఇంకో ఆరు ఉంటే యాభై మూడుతో భాగించినప్పుడు ఇరవై మూడు శేషం మిగులుతుంది. ఆ ఆరు లేకపోతే ఏమీ మిగలదు. పెద్ద సంఖ్య అచ్చు వేసేటప్పుడు పక్కనే అంకెలు ఎన్ని ఉన్నాయో మాటల్లో కూడా రాయాలి. అప్పుడు కోత పడితే ఎవరైనా పట్టుకోగలరు. కొత్తగా డెస్క్‌లో చేరినవారికి ఇదే చెబుతూ వచ్చాను. పై అధికారి వద్దన్నది వేయవచ్చా అని వాళ్లు అడిగితే, వేసినందుకు ఏం జరుగుతుందో మాత్రం చెప్పాను.

పోయిన ఏడాది ఆమె సమాచార హక్కు కింద తన ఫైలు స్థితి అడిగింది. వచ్చిన జవాబు నకలు నాకు పంపింది. అందులో మూడో పేరా ఇలా ఉంది: 'సదరు సంఖ్య 53తో భాగింపబడునా లేదా అను అంశము నిపుణుల అభిప్రాయము నిమిత్తము పంపబడినది. అభిప్రాయము ఇంతవరకు అందలేదు.'